పాటకు దగ్గరగా, పాడేవారికి దూరంగా

జానపద సంగీత పురస్కారాలు – న్యాయనిర్ణేతల ధర్మం

(ఆచార్య బిరుదురాజు రామరాజు గారి స్మృతిలో అక్కన్నపేటలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



రామరాజు గారు 1925లో వరంగల్ ప్రాంతంలోని దేవనూరులో పుట్టారు. 2010లో మనల్ని విడిచి వెళ్లారు. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన, మన జానపద సాహిత్యం మీద వచ్చిన తొలి పీహెచ్‌డీ. 1950లలో పల్లెపాటను పరిశోధనాంశంగా తీసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఈ తరం విద్యార్థులు ఊహించలేరు. పద్యమే సాహిత్యం, కచేరీయే సంగీతం అనుకునే పండితుల మధ్య ఆయన నాట్లేసే ఆడవాళ్ల పాటను, తిరగలి పాటను, వీరగాథలను పరిశోధన బల్ల మీదికి తెచ్చారు. పాటను తన గదికి పిలిపించుకోలేదు. పాట ఉన్న చోటికి తానే వెళ్లారు. నేను చెప్పబోయేదంతా ఆయన నడిచిన ఆ దారి నుంచి పుట్టిందే.

ఈ మాట చెప్పడానికి అక్కన్నపేట కంటే తగిన చోటు లేదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే దాకా ఈ ప్రాంతం కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సిద్దిపేట జిల్లా. హుస్నాబాద్ ఎల్లమ్మ జాతర ఒక పక్క, కొమురవెల్లి మల్లన్న ఒక పక్క. ఒగ్గు కథ, శారద కథ, చిందు భాగవతం, బైండ్లవాళ్ల జమిడిక, బతుకమ్మ పాట, లంబాడీల తీజ్ పాట అన్నీ తెలిసిన నేల. జిల్లా గీతలు మారినా ఇక్కడి బాణీలు మారలేదు. అయితే పోటీలకు, పురస్కారాలకు పేర్లు పంపేది జిల్లాల లెక్కన. కరీంనగర్ బాణీలో కథ చెప్పే బృందం ఇప్పుడు సిద్దిపేట పేరుతో నిలబడాలి. ఆ బాణీ ఎవరిదో, ఎక్కడిదో తెలిసినవాళ్లు ఎదుట న్యాయనిర్ణేతల కుర్చీలో ఉన్నారా? ఈనాటి నా ప్రసంగానికి ఈ ప్రశ్నే మూలం.

పురస్కారం ఇప్పుడు బతుకుతెరువు కూడా

ఒకప్పుడు పురస్కారం అంటే శాలువా, మెమెంటో, పేపర్లో ఫొటో. ఇప్పుడు అంతకు మించింది. పద్మశ్రీతో కేంద్రం నగదు ఏమీ ఇవ్వదు. కానీ 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ పొందిన రాష్ట్ర కళాకారులకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. అంటే ఢిల్లీలో ఒక కమిటీ తీసుకున్న నిర్ణయం మన ఊళ్లో ఒక ముసలి కళాకారుడి మందుల ఖర్చును నిర్ణయిస్తుంది. సభలకు పిలుపు, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాల్లో అవకాశం, మనవడికి ఆ విద్య నేర్పాలన్న ఉత్సాహం, అన్నీ దాని వెంటే వస్తాయి. ఇంత బరువున్న నిర్ణయాన్ని ఎవరు, ఎలా తీసుకుంటున్నారని అడగడం అసూయ కాదు. అది మన హక్కు.

ఈ మధ్య మన కళాకారులకు దక్కిన గౌరవం చూసి నేనూ పొంగిపోయాను. 2021లో మర్లవాయి గుస్సాడి గురువు కనకరాజు, 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య, కోయ ఇలవేల్పుల కథలను డోలు మీద పాడిన సకిని రామచంద్రయ్య, 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప పద్మశ్రీలయ్యారు. వీరిలో కనకరాజు, రామచంద్రయ్య 2024లోనే కన్నుమూశారు. గౌరవం ఆలస్యంగానైనా వచ్చింది, సంతోషం. కానీ ఈ ఐదు పేర్లూ మళ్లీ ఒకసారి చదవండి. ఐదుగురూ పురుషులే. బతుకమ్మ పాట, బోనాల పాట, నాటు పాట, పెళ్లి పాట, ఏడుపు పాట ఆడవాళ్ల గొంతుల్లోనే బతికిన రాష్ట్రం మనది. చిందుల ఎల్లమ్మ లాంటి మహానటి మగవేషాలు కట్టి రాత్రంతా ఆడి పాడిన నేల మనది. ఇంతమంది ఆడవాళ్లు పాడుతుంటే ఆ పట్టికలో ఒక్కరూ కనబడకపోవడానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు. కారణం మనం ఎంచుకునే పద్ధతిలో ఉంది.

తలుపు దగ్గరే జరిగే వడపోత

న్యాయనిర్ణేతల అన్యాయం అనగానే డబ్బు, పైరవీ, కులం, పార్టీ గుర్తుకొస్తాయి. అవి ఉన్నచోట ఉన్నాయి. కానీ పేరు కమిటీ ముందుకు రాకముందే జరిగే అన్యాయం అంతకంటే పెద్దది.

పద్మ పురస్కారాల పద్ధతే చూడండి. ప్రధానమంత్రి ఏటా ఒక కమిటీని నియమిస్తారు. కేబినెట్ కార్యదర్శి దానికి అధ్యక్షులు. హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురి దాకా ప్రముఖులు సభ్యులు. ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చు. రాతలో చూస్తే ఇంతకంటే తెరిచిన తలుపు ఉండదు. కానీ ఆ ప్రతిపాదన ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ వ్యక్తి కృషిని వివరిస్తూ 800 మాటలకు మించకుండా ఒక వ్యాసం జతచేయాలి. తండాలో తీజ్ పాటలన్నీ కంఠతా వచ్చిన ఒక అవ్వ గురించి ఆ 800 మాటలు ఎవరు రాస్తారు? ఆమెకు చదువు రాదు. ఆమె పాడే లంబాడీ భాష గోర్ బోలీకి లిపి లేదు. ఆమెకు అప్పుడెప్పుడో జిల్లా కలెక్టరు ఇచ్చిన ప్రశంసాపత్రం లేదు, పేపరు కటింగు లేదు, యూట్యూబులో లక్షల వ్యూస్ లేవు. పట్నంలో పరిచయాలున్న కళాకారుడికి ఇవన్నీ ఉంటాయి. కమిటీ సభ్యులు ఎంత నిజాయితీపరులైనా, తమ ముందుకు వచ్చిన కాగితాల్లోంచే కదా ఎంచగలరు!

హనుమాజీపేట మీకు తెలుసు. ఆ ఒక్క ఊరే మనకు జ్ఞానపీఠ గ్రహీత సి.నారాయణ రెడ్డిని ఇచ్చింది, తల మీద బిందె పెట్టుకుని ఒగ్గు కథ చెప్పి జనాన్ని ఊపేసిన మిద్దె రాములునూ ఇచ్చింది. ఇద్దరూ మహానుభావులే. కవి పుస్తకాన్ని న్యాయనిర్ణేత ఇంటికి తీసుకెళ్లి మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు. రాములు గారి కథను అలా బల్ల మీద పెట్టుకోలేం. అది ఆ రాత్రి, ఆ వాకిట్లో, ఆ జనం ముందు మాత్రమే ఉంటుంది. కాబట్టి సాహిత్య పురస్కారాలకు కుదిరిన పద్ధతి జానపదానికి కుదరదు.

పది నిమిషాల మల్లన్న కథ

పోటీ వేదిక మీద ఒగ్గు కథకు ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. ఊళ్లో మల్లన్న పండుగ చేస్తే ముందు పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చపిండితో నేల మీద ముగ్గు పరుచుకుంటుంది. కాళ్లకు గజ్జెలు కట్టి కథకుడు లేస్తాడు. పక్కన వంతపాడేవాడు, వెనక డోళ్లు, తాళాలు, నపీర. మల్లన్న పుట్టుక నుంచి మేడలమ్మ పెండ్లి దాకా కథ రాత్రంతా సాగుతుంది. కథకుడే మల్లన్న అవుతాడు, కొంగు కప్పుకుని మేడలమ్మ అవుతాడు, గొంతు మార్చి ముసలమ్మ అవుతాడు. కునికిపాట్లు పడుతున్న పిల్లల్ని చూసి మధ్యలో పిట్టకథ ఎత్తుకుంటాడు. పండుగ చేసిన ఇంటివాళ్ల పేర్లు కథలో కలుపుతాడు. తెల్లవారుజామున జనం లేచి పూనకంతో ఊగుతుంటే డోలు దెబ్బ మారుతుంది. ఆయన విద్య అంతా అక్కడ ఉంది: ఎప్పుడు సాగదీయాలి, ఎప్పుడు ముడి వేయాలి, జనం నాడి ఎలా పట్టుకోవాలి.

పోటీలో ఆయనకు పది నిమిషాలు ఇస్తారు. పట్నం లేదు, పూజ లేదు. జనం దూరంగా కుర్చీల్లో ఉంటారు. మైకు ఒక్కటే ఉంటే వంతపాట వినబడదు. ఆ పది నిమిషాల్లో వేగంగా ఎగిరి, గట్టిగా డోలు కొట్టి, చివర్లో ఒక విన్యాసం చూపిన బృందానికి మార్కులు పడతాయి. కథను నింపాదిగా కట్టే పెద్దాయన వెనకబడిపోతాడు. రెండేళ్లు ఇలా ఓడిపోతే ఆయన శిష్యులు కూడా వేగమే విద్య అనుకుంటారు. పురస్కారం కళను గుర్తించడం మానేసి, కళను తన కొలతకు తగ్గట్టు కోసేస్తుంది. జానపద పురస్కారాలతో నాకున్న భయాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే.

బతుకమ్మ పాటదీ ఇదే గతి. వలయంలో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. అడుగు, చప్పట్లు, పాట ఒకటై తిరుగుతాయి. వేదిక మీద ఒకామె చేతికి మైకిచ్చి నిలబెట్టి శ్రుతి శుద్ధి ఉందా, తాళం తప్పిందా అని మార్కులు వేస్తే ఆ పాటలో సగం పోయినట్టే. పాట ఆమె ఒక్కదానిది కాదు. ఎత్తుకున్నవాళ్లదీ, అందుకున్నవాళ్లదీ.

కుర్చీలో కూర్చునేది ఎవరు?

న్యాయనిర్ణేతల కుర్చీల్లో సాధారణంగా కనబడేవాళ్లు ఎవరు? ఒక శాస్త్రీయ సంగీత విద్వాంసుడు, ఒక సినిమా పాటల రచయిత, ఒక అధికారి, ఒక ఆచార్యుడు. వీళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ డోలు దెబ్బల్లో పూజకు ఏది, కథకు ఏది, ఊరేగింపుకు ఏది అని వీళ్లలో ఎంతమందికి తెలుసు? కోయ, గోండి, గోర్ బోలీ పాట వచ్చినప్పుడు అర్థం తెలియకుండానే మార్కులు వేస్తున్నారు. భాష తెలియనివాళ్లకు మిగిలేది వేషం, ఎగురుడు, రంగుబట్టలు మాత్రమే.

ఇంకో మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మన కళల్లో ఎక్కువ భాగం కులవృత్తిగా వచ్చినవి. చిందు, బైండ్ల, శారద, ఒగ్గు, డక్కలి కళలను తరతరాలుగా కాపాడింది సంపద లేని కులాలు. ఇన్నాళ్లూ వాకిట్లో నిలబడి పాడింది వాళ్లు, అరుగు మీద కూర్చుని మెచ్చుకున్నది, మెచ్చకపోయినది ఇతరులు. న్యాయనిర్ణేతల బృందంలో ఆ కులాల కళాకారులు ఒక్కరూ లేకపోతే వేదిక మారినా ఆ అరుగు మారనట్టే. పాడడానికి పనికొచ్చినవాళ్లు తీర్పు చెప్పడానికీ పనికొస్తారు. సంగీత నాటక అకాడమీ అవార్డు పొందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు ఎందరో శిష్యులను తయారుచేశారు. శిష్యుడి తప్పును డోలు చప్పుడులోనే పట్టగలిగిన అలాంటి చెవి కంటే పెద్ద అర్హత ఇంకేముంటుంది?

తనవాళ్ల మీద తానే తీర్పు

ఇక నిజాయితీ సంగతి. ఇందులో మనకు దారి చూపే తీర్పును సుప్రీంకోర్టు 1969లోనే ఇచ్చింది. ఏ.కె.క్రైపాక్ కేసు అది. జమ్మూకశ్మీర్‌లో అటవీ సర్వీసుకు అధికారులను ఎంచే బోర్డులో ఒక అటవీ అధికారి సభ్యుడు. ఆయనే అభ్యర్థి కూడా. తన పేరు వచ్చినప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నారు. కానీ తనతో పోటీపడుతున్నవాళ్ల పేర్లు చర్చించినప్పుడు మాత్రం కూర్చున్నారు. జాబితాలో ఆయనకే మొదటి స్థానం వచ్చింది. కోర్టు ఆ ఎంపికనే కొట్టేసింది. ఆయన నిజంగా పక్షపాతం చూపారా అని తేల్చనక్కర్లేదు, చూపే అవకాశం ఉందని మామూలు మనిషికి అనిపించడమే చాలు అన్నది ఆ తీర్పు సారం.

మన పోటీలకు ఈ సూత్రాన్ని అన్వయించండి. తన శిష్యుడు పోటీలో ఉన్నప్పుడు గురువు ఆ ఒక్క పాటకు మార్కులు వేయకపోతే సరిపోదు. ఆ విభాగం మొత్తానికి లేచి వెళ్లాలి. ఎందుకంటే మిగతావాళ్లకు తక్కువ వేసినా శిష్యుడే గెలుస్తాడు. పాటల చానల్ నడిపేవాళ్లు తమ చానల్‌లో పాడినవాళ్ల మీద, క్యాసెట్లు అమ్మినవాళ్లు తమ గాయకుల మీద, పార్టీ సాంస్కృతిక దళాలవాళ్లు తమ దళ సభ్యుల మీద తీర్పు చెప్పకూడదు.

మన తెలుగునాట ఈ పాఠం ఖరీదుగానే నేర్చుకున్నాం. 2014, 2015, 2016 సంవత్సరాల నంది సినిమా అవార్డులను 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించినప్పుడు ఎంపికల మీద పెద్ద దుమారం రేగింది. గెలిచినవాళ్లలో అర్హులకు కూడా ఆ గెలుపు పూర్తి సంతోషం ఇవ్వలేదు. పద్ధతి మీద నమ్మకం పోతే నష్టపోయేది ఓడినవాళ్లే కాదు, గెలిచినవాళ్లు కూడా. ఒకప్పుడు నందిని కాదన్న ప్రజాగాయకుడు గద్దర్ పేరు మీదే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది. 2025 జూన్‌లో మొదటిసారి అందజేసింది. పల్లెపాటతో పెరిగిన మనిషి పేరు పెట్టుకున్న పురస్కారం పారదర్శకతలో అందరికీ దారి చూపాలి.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో గ్రామీ అవార్డులకు చాలా విభాగాల్లో తుది నామినేషన్లను అజ్ఞాత కమిటీలు నిర్ణయించేవి. స్నేహాలు, వ్యాపార సంబంధాలు పనిచేస్తున్నాయని ఆరోపణలు వెల్లువెత్తాక 2021 ఏప్రిల్‌లో ఆ కమిటీలను రద్దు చేశారు. 2002 శీతాకాల ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ తీర్పు మీద రచ్చ జరిగి రెండు జంటలకు బంగారు పతకాలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత మార్కుల పద్ధతినే మార్చేశారు. అత్యధిక, అత్యల్ప మార్కులను తీసేసి మిగతావాటి సగటు కడతారు. పెద్ద సంస్థలు కూడా నలుగురూ నిలదీశాకే దిద్దుకున్నాయి. మనమూ మర్యాదగా, గట్టిగా నిలదీయాలి.

రెండు అభ్యంతరాలు

ఈ మాటలన్నప్పుడు పెద్దలు రెండు అభ్యంతరాలు చెబుతారు. రెండింటిలోనూ నిజం ఉంది.

మొదటిది: న్యాయనిర్ణేతల పేర్లు బయటపెడితే వాళ్ల ఇళ్ల ముందు పైరవీకారులు బారులు తీరుతారు. నిజమే. అందుకు మందు శాశ్వత రహస్యం కాదు. నిర్ణయం అయ్యేదాకా పేర్లు గుట్టుగా ఉంచండి. ఫలితంతో పాటు పేర్లూ ప్రకటించండి. తన పేరు రేపు బయటికొస్తుందని తెలిసిన మనిషి ఈరోజు జాగ్రత్తగా ఉంటాడు.

రెండోది ఇంకా బలమైనది. జానపద ప్రపంచం చిన్నది, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. సంబంధం ఉన్నవాళ్లనల్లా తీసేస్తే తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఏ సంబంధమూ లేనివాణ్ణి తెచ్చి కూర్చోబెడితే వాడికి కళ తెలియదు. అతి దగ్గరివాణ్ణి కూర్చోబెడితే మనసు మొగ్గుతుంది. దీనికి నేను చెప్పే జవాబు ఒక్కటే: న్యాయనిర్ణేత పాటకు దగ్గరివాడై ఉండాలి, పాడేవారికి దూరపువాడై ఉండాలి. సిద్దిపేట ఒగ్గు బృందాలకు నల్లగొండ ఒగ్గు కళాకారులను పిలవండి. ఆదిలాబాద్ గోండి పాటకు మహారాష్ట్ర గోండులను పిలవండి. ఇక్కడి తీజ్ పాటకు అనంతపురం తండాల నుంచి పెద్దమ్మలను పిలవండి. కళ ఒకటే, చుట్టరికం ఉండదు.

చేయదగ్గ పనులు

ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. ప్రభుత్వ సాంస్కృతిక శాఖ నుంచి ఊళ్లో యువజన సంఘం దాకా ఎవరైనా పాటించవచ్చు.

న్యాయనిర్ణేతల్లో సగం మంది ఆ కళను స్వయంగా ప్రదర్శించేవాళ్లు ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. పాట భాష తెలిసినవాళ్లు కనీసం ఒక్కరైనా ఉండాలి. కూర్చునే ముందు ప్రతి ఒక్కరూ పోటీదారులతో తమకున్న సంబంధాన్ని రాసివ్వాలి. సంబంధం ఉన్న విభాగం నుంచి పూర్తిగా తప్పుకోవాలి. ఒకరినే ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చోబెట్టకూడదు.

తుది దశకు వచ్చిన కళాకారులను వాళ్ల ఊళ్లో, వాళ్ల జనం మధ్య ఒక పూటైనా వినాలి. కుదరకపోతే పూర్తి ప్రదర్శన వీడియో తీయించి చూడాలి. ఆ వీడియో రేపు భద్రపరచుకోవడానికీ పనికొస్తుంది. చర్చకు ముందే ఎవరి మార్కులు వాళ్లు రాసి కవరులో పెట్టాలి. లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది. ఫలితంతో పాటు ఎందుకు ఎంచామో పది వాక్యాల్లో ప్రకటించాలి. ఓడినవాళ్లకు కూడా ఎక్కడ మెరుగుపడాలో చెప్పాలి. బృందంగా చేసే కళకు పురస్కారం బృందానికే ఇవ్వాలి. డోలు కొట్టినవాడి పేరు కూడా ఆ పత్రం మీద ఉండాలి. ప్రవేశ రుసుము కట్టించుకుని, శాలువా ఖర్చు కూడా కళాకారుడి చేతే పెట్టించి ఇచ్చే బిరుదులను మనం బిరుదులుగా లెక్కించకూడదు.

చివరగా ఆ 800 మాటల సంగతి. ఇది మన చేతుల్లో ఉన్న పని. ప్రతి ఊళ్లో బడి పంతులు ఉన్నారు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయానికి చెందిన జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఒక్కో విద్యార్థి ఒక్కో కళాకారిణి దగ్గర కూర్చుని ఆమె జీవితం, ఆమె పాటలు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎవరికి నేర్పింది రాసిపెడితే ప్రతిపాదన పంపే రోజున మన చేతిలో కాగితం ఉంటుంది. ఢిల్లీ కమిటీని మనం మార్చలేకపోవచ్చు. కమిటీ ముందుకు వెళ్లే పేర్లను మాత్రం మార్చగలం.

పురస్కారం ఇవ్వకపోయినా పాట బతుకుతుంది, ఇన్ని వందల ఏళ్లు బతికింది అని కొందరంటారు. పాట బతికింది నిజమే. పాడినవాళ్లు ఎలా బతికారో కూడా అడగాలి. గౌరవం ఇవ్వాలనుకున్నాక అది న్యాయంగా ఇవ్వాలి. అన్యాయంగా ఇచ్చిన శాలువా పుచ్చుకున్నవాళ్లకు వెచ్చదనం ఇవ్వదు, దక్కనివాళ్లకు మానని గాయం చేస్తుంది.

ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది బతుకమ్మ పండుగ లోపల మీ ఊళ్లో, మీ తండాలో బాగా పాడే ఒక్క అవ్వ పాటలు రికార్డు చేయండి. ఆమె గురించి నాలుగు పేజీలు రాయండి. వచ్చే ప్రతిపాదనల్లో ఆమె పేరు పంపండి. రామరాజు గారికి మనం ఇవ్వగలిగిన నివాళి ఇంతకు మించి లేదు.